రోమహర్షిణి: ఒక లేజర్ కార్డుకు టీకా తాత్పర్యం

అవతారిక. మెదక్ దగ్గరి కొల్చారం ఊరివాడైన మల్లినాథ సూరి కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్య రాస్తూ, మూలంలో లేనిది రాయననీ అక్కర్లేనిది చెప్పననీ మాటిచ్చాడు. ఆయనకు మేఘదూతం దొరికింది. ఇప్పటి వ్యాఖ్యాతకు దొరికింది స్కిన్ క్లినిక్ రిసెప్షన్‌లో చేతిలో పెట్టే అరచేతంత అట్టముక్క. అయినా దానికీ నాలుగు పాదాలున్నాయి, దాన్నీ ఎవరూ సరిగ్గా చదవరు. కాబట్టి ఈ ‘రోమహర్షిణి’ అనే వ్యాఖ్య.

మూలం:

తర్వాతి సిట్టింగ్ 6 వారాలకు.
షేవ్ చేసుకుని రావాలి.
వ్యాక్సింగ్, త్రెడింగ్ వద్దు.
ఎండలో తిరగరాదు.

ప్రతిపదార్థం. ‘సిట్టింగ్’ అంటే కూర్చోవడం. కాని ఇక్కడ మనిషి కళ్లకు నల్లద్దాలు పెట్టుకుని బల్ల మీద పడుకుంటుంది. ముఖ్యార్థానికి బాధ కలిగింది కనుక లక్షణావృత్తితో ‘ఒక విడత చికిత్స’ అని చెప్పుకోవాలి. పళ్ల డాక్టరు దగ్గర వినిపించే మాట ఇలా చర్మానికి పాకిందేమో. శీర్షికలోని ‘లేజర్’ అన్నది ఐదు ఆంగ్ల పదాల తొలి అక్షరాలు కలిపిన ముద్ద. మన సమాసాల్లో దీనికి చోటు లేదు. ఇక ‘6 వారాలకు’. ఈ పద్యానికి ప్రాణం ఇక్కడే ఉంది.

పూర్వపక్షం ఒకటి వెంటనే లేస్తుంది. ‘ఆరు వారాలెందుకండీ, వారానికోసారి వచ్చేస్తా, నెలన్నరలో ప్యాకేజీలోని ఆరు సిట్టింగులూ అయిపోతాయి’ అని. డబ్బు కట్టేశాక ఎవరికైనా కలిగే ఆలోచనే. దీనికి సమాధానం క్లినిక్ డైరీలో దొరకదు. వెంట్రుక దగ్గర పంచాంగం ఒకటుంది, అందులో చూడాలి.

వెంట్రుకకు మూడు అవస్థలు. వేదాంతులు మనిషికి చెప్పిన జాగ్రత్, స్వప్న, సుషుప్తులే దీనికీ సరిపోతాయి. ఎనాజెన్ మెలకువ: కుదురు నల్లగా, రంగుతో నిండి, కింద రక్తనాళాలతో ముడిపడి పెరుగుతుంటుంది. కెటాజెన్ కునికిపాటు: రెండు మూడు వారాల్లో కుదురు ముడుచుకుంటుంది. టీలోజెన్ గాఢనిద్ర: వెంట్రుక పైకి కనిపిస్తుంది గాని కింద పని ఆగిపోయింది. రాలిపోవడాన్ని విడిగా ఎక్సోజెన్ అని లెక్కపెట్టేవారూ ఉన్నారు. తురీయం కూడా కుదిరింది.

లేజర్ కొట్టేది మెలకువగా ఉన్నదాన్నే. 1983లో రాక్స్ ఆండర్సన్, జాన్ పారిష్ అనే ఇద్దరు అమెరికన్ శాస్త్రవేత్తలు ‘సైన్స్’ పత్రికలో ఒక సూత్రం చెప్పారు. వెలుగు రంగును ఎంచుకుని, దాన్ని సెకనులో అతి చిన్న భాగంపాటు వదిలితే, ఆ రంగును పీల్చేది మాత్రమే కాలుతుంది, పక్కనున్నది మిగులుతుంది. వెంట్రుక విషయంలో పీల్చేది మెలనిన్. నల్లరంగు వేడిని పట్టి కుదురుకు అందిస్తుంది. నిద్రపోయే వెంట్రుకకు, అడుగున వేడిని అందుకోవాల్సిన కుదురుతో ఆ సంబంధం తెగిపోయి ఉంటుంది. ఎంత కాల్చినా అసలు చోటికి దెబ్బ తగలదు.

పాఠ్యపుస్తకాల పట్టికల ప్రకారం తల మీద వెంట్రుకల్లో దాదాపు 85 శాతం ఎప్పుడూ మెలకువగా ఉంటాయి. కాళ్ల మీద ఐదో వంతే. ఒక సిట్టింగ్‌లో కాళ్ల మీద ఎంత బాగా కొట్టినా మిగతా నాలుగు వంతులు గురక పెడుతూ తప్పించుకుంటాయన్నమాట. మళ్లీ వారానికే వెళ్తే, దెబ్బ తిన్నవి రాలిపోయే దారిలో ఉంటాయి, పడుకున్నవి ఇంకా లేవవు. వెలుగుకు పట్టుకోవడానికి మిగిలేది చర్మంలోని రంగే. డబ్బు పోయి, మచ్చ మిగులుతుంది.

పాఠాంతరాలు. ముఖానికి ఇచ్చే కార్డుల్లో ‘4 నుంచి 6 వారాలు’ అని ఉంటుంది. పై పెదవి మీది వెంట్రుక ఆరు వారాల చొప్పున నిద్రపోయి లేస్తుంది కనుక ఇది సాధువే. చంకలకు ఆరు, ఎనిమిది. కాళ్లకు ఎనిమిది నుంచి పది, అంతకంటే ఎక్కువైనా తప్పు లేదు. ఒళ్లంతటికీ ఒకే ‘నెలకోసారి’ రాసే ప్రతులు వ్యాఖ్యాత దృష్టిలో లేఖక దోషం. వెంట్రుకను చూడకుండా ప్యాకేజీని చూసి రాసినవి.

రెండు, మూడు పాదాలు పరస్పర విరుద్ధంగా తోస్తాయి. గీసుకోమంటారు, పీకవద్దంటారు. అన్వయం ఇది: చర్మం పైన వెంట్రుక ఉంటే వేడి అక్కడే అంటుకుని చర్మం కమిలిపోతుంది, కాబట్టి గీయాలి. లోపల ఉన్నది లేకపోతే వెలుగు వెళ్లి చేరే చోటే లేదు, కాబట్టి పీకకూడదు. పార్లర్ అక్క దారంతో లాగేసిన పై పెదవితో వెళ్లడం, దొంగను పారిపోనిచ్చి పోలీసులకు కబురుపెట్టడం లాంటిది.

నాలుగో పాదం తెలుగువాళ్ల కోసమే రాసినట్టుంటుంది. థామస్ ఫిట్జ్‌పాట్రిక్ 1975లో ఎండకు చర్మం కందుతుందా, నల్లబడుతుందా అన్న లెక్కన మొదలుపెట్టిన వర్గీకరణలో తర్వాత ఆరు రకాలు స్థిరపడ్డాయి. మన చామనచాయ ఎక్కువగా నాలుగు, ఐదు. అంటే వెంట్రుకలో ఉన్న మెలనినే చర్మంలోనూ దండిగా ఉంది. వెలుగుకు ఎవరు శత్రువో, ఎవరు చుట్టమో తెలియదు. అందుకే మొదట వాడిన 694 నానోమీటర్ల రూబీ లేజర్ మన ఒంటికి పనికిరాలేదు. 755 అలెగ్జాండ్రైట్‌ను జాగ్రత్తగా వాడాలి. 800 దాటిన డయోడ్, లోతుకు దిగి పైరంగును పెద్దగా పట్టించుకోని 1064 ఎన్‌డీ యాగ్ మనకు మేలు. ఈ లెక్కంతా మామూలు రంగుకే. మే ఎండలో బండి మీద తిరిగి వచ్చిన చెయ్యి వేరే కథ. ఇంట్లో వాడే ఐపీఎల్ (ఇంటెన్స్ పల్స్‌డ్ లైట్) పరికరాలు చాలావరకు ముదురు రంగు చర్మం తగిలితే వెలగనే వెలగవు. యంత్రానికి ఉన్న సంకోచం కొన్ని పార్లర్లకు లేదు.

అపార్థం. పది రోజులకు వెంట్రుకలు పైకి వస్తున్నట్టు కనిపించి, ‘లేజర్ పని చెయ్యలేదు’ అని ఫోన్లు మొదలవుతాయి. అవి పెరగడం లేదు. కాలిన వాటిని చర్మం బయటికి నెడుతోంది. రెండు మూడు వారాల్లో స్నానంలో ఊడిపోతాయి.

అలంకారం. కార్డు వెనక ‘శాశ్వత నిర్మూలన’ అని ఉంటే అది అతిశయోక్తి. అమెరికా ఎఫ్‌డీఏ అనుమతించే మాట ‘శాశ్వత తగ్గింపు’. అంటే చికిత్స ముగిశాక మళ్లీ మొలిచే వాటి సంఖ్య చాలాకాలం తక్కువగా నిలబడటం. పీసీఓఎస్ ఉన్నవారికి గడ్డం కింద హార్మోన్లు కొత్తవాటిని లేపుతూనే ఉంటాయి. వాళ్ల కార్డుకు ఆఖరి తేదీ ఉండదు. నెరిసిన వెంట్రుకకైతే అసలు మూలమే వర్తించదు, పీల్చడానికి రంగు లేదు గదా. దానికి 1875లో సెయింట్ లూయిస్ కంటి వైద్యుడు చార్లెస్ మిషెల్, కంట్లోకి తిరిగిన రెప్పవెంట్రుకల కోసం మొదలుపెట్టిన విద్యుత్ సూదే గతి.

పచ్చబొట్టు చెరపడానికీ ఆరు, ఎనిమిది వారాలే అంటారు గాని కారణం వేరు. లేజర్ సిరాను ముక్కలు చేసి ఊరుకుంటుంది, ముక్కల్ని మోసుకెళ్లేవి ఒంట్లోని కణాలు. వాటికి టైమివ్వాలి. ముఖం మెరవడానికి చేసే ఫోటోఫేషియల్ మూడు నాలుగు వారాలకోసారి, ఎందుకంటే పైచర్మం కొత్త పొర వేసుకునే గడువు దాదాపు అంతే. మంగు ఉన్నవారు దీని జోలికి డాక్టరును అడగకుండా వెళ్లకూడదు. వేడికి మంగు ఇంకా ముదరవచ్చు.

ప్రయోగం. ఫాల్గుణంలో ముహూర్తం పెట్టుకున్న పెళ్లికూతురు మాఘంలో వచ్చి ఆరు సిట్టింగులూ కావాలంటుంది. ఆరు సిట్టింగులకు ఐదు ఎడాలు, ముప్ఫై వారాలు. కందిన ఎర్రదనం తగ్గి, ఆపైన నలుగు పెట్టుకోవడానికి ఇంకో మూడు. వెనక్కి లెక్కేస్తే ఆషాఢం తేలుతుంది. పెళ్లిళ్లకు పనికిరాని శూన్యమాసం, పైగా మబ్బు పట్టి ఎండ తక్కువ. లేజర్‌కు ఇంతకంటే మంచి నెల లేదు.

అలా ఆషాఢంలోనే తెలివిగా మొదలుపెట్టిన అమ్మాయి కార్డులో రెండో తేదీ చూసి తల్లి ‘ఆ రోజు అమావాస్యమ్మా, వద్దు’ అంటుంది. ముందు వారానికి జరపమంటే శాస్త్రం ఒప్పదు. తర్వాతి వారానికైతే అభ్యంతరం లేదు, ఇంకో నాలుగు వెంట్రుకలు నిద్ర లేస్తాయి. రిసెప్షన్‌లో అమ్మాయి నవ్వి, పెన్నుతో 6 కొట్టేసి 7 వేస్తుంది.