సాధనం కొనడం ఆఖరి పని

నాగేపల్లిలో ఆన్‌లైన్ సెంటర్లు నడిపే తమ్ముళ్లకు, లాప్‌టాప్ మీద బడి లెక్కలు రాసే టీచర్లకు నా సలహాలు తలకిందులుగా తోచవచ్చు. అయినా వినండి.

కంప్యూటర్లోకి ఎవరో దూరారని అనుమానం వస్తే ఏమీ కొనకండి. యాంటీవైరస్ నడపకండి. అది దొంగతో పాటు వాడి అడుగుజాడలనూ ఊడ్చేయవచ్చు. కంగారుపడి ఆపేయకండి, ర్యామ్‌లో ఉన్నదంతా కరెంటుతోనే పోతుంది. నెట్ మాత్రం పీకేయండి. కాగితం, పెన్ను తీసుకుని ఎన్ని గంటలకు ఏం కనిపించిందో, ఎవరు ముట్టుకున్నారో రాయండి.

ఖరీదైన సాఫ్ట్‌వేరే నిజం చెబుతుందనుకోకండి. ర్యామ్‌నూ డిస్కునూ నకలు తీసే ఎఫ్‌టీకే ఇమేజర్, ర్యామ్‌ను చదివే వోలటిలిటీ, డిస్కును చదివే ఆటాప్సీ, మూడూ ఉచితంగా దొరుకుతాయి. డబ్బు పెట్టేదేదో రైట్ బ్లాకర్ మీద పెట్టండి. అసలు డిస్కు మీద ఒక్క అక్షరం పడనివ్వదు.

‘ఇందులో ఏ ఫైళ్లున్నాయి?’ అన్న ప్రశ్నతో సాధనం వెతకడమే అసలు పొరపాటు. భీమా కోరేగావ్ కేసు చూడండి. అందులో నిందితుడైన రోనా విల్సన్ లాప్‌టాప్‌ను పుణె పోలీసులు 2018 ఏప్రిల్ 17న జప్తు చేశారు. సాక్ష్యంగా చూపిన ఉత్తరాలు ఆ లాప్‌టాప్‌లో దొరికాయి. ఫైళ్ల జాబితా ఇచ్చే సాధనమైతే అక్కడితో ఆగిపోతుంది. అమెరికాలోని ఆర్సెనల్ కన్సల్టింగ్ ఇంకో ప్రశ్న వేసింది: అవి ఎలా వచ్చాయి? 2016 జూన్ 13న, మన వరంగల్ కవి వరవరరావు ఈమెయిల్ ఖాతా నుంచి ఎవరో పంపిన ఫైలు తెరవగానే నెట్‌వైర్ అనే మాల్వేర్ దూరిందని 2021 ఫిబ్రవరి నివేదికలో చెప్పింది. ఆ నివేదిక ప్రకారం ముఖ్యమైన 10 ఉత్తరాలు దాచిన ఫోల్డర్లో ఉన్నాయి, ఎవరూ తెరిచిన జాడ లేదు. వాటిని పీడీఎఫ్ చేసింది 2010 లేదా 2013 వర్డ్‌తో. ఆ లాప్‌టాప్‌లో ఉన్నది 2007 వర్డ్! ఆ నివేదికను జాతీయ దర్యాప్తు సంస్థ (ఎన్‌ఐఏ) ఒప్పుకోలేదు, తేల్చాల్సింది కోర్టు. నాకైతే ఆ వర్డ్ సంగతి చదివిన రోజు నిద్ర పట్టలేదు. అందుకే, ఏది ఎప్పుడు జరిగిందో వరసగా పేర్చి చూపే ప్లాసో లాంటిది నేర్చుకోండి. అదీ ఉచితమే.

నకలు తీయగానే దాని వేలిముద్ర లాంటి హ్యాష్ విలువ రాసుకోండి. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ సర్టిఫికెట్లో దాన్ని అడుగుతారు. ఇక డిస్కు నాగపూర్ ఫోరెన్సిక్ ల్యాబ్‌కు వెళ్లాల్సి వస్తే దారి పొడుగునా చేతులు మారుతుంది. ఇచ్చినవాళ్లూ పుచ్చుకున్నవాళ్లూ టైము వేసి, మొదట మీరు రాసిన ఆ కాగితం మీదే సంతకం పెట్టాలి.