ఎకరం ధర అడగని బ్రిగేడియర్

మా రోజుల్లో ఊరికి వెళ్లొచ్చినవాణ్ణి ఇరుగుపొరుగు ముందు అడిగే మాట ‘వానలు పడ్డాయా?’ అని. తర్వాత ‘అమ్మ ఎలా ఉంది?’ అని. ఇప్పుడు హైదరాబాద్‌లోని మా ఏ.ఎస్. రావు నగర్‌లో ఆ రెండు ప్రశ్నలూ ఎటుపోయాయో తెలియదు. మొన్న ఊరి నుంచి వచ్చి ఆటో దిగీ దిగకముందే ఎదురింటి కుర్రాడు అడిగాడు: “అంకుల్, మీ ఆలేరు వైపు ఎకరం ఎంత నడుస్తోంది?” మంచి పిల్లాడే, నా మందులు కూడా వాడే తెచ్చిపెడతాడు. అయినా ఆ మాటకి నాకు ఒళ్లు మండింది. ఊరంటే చదరపు గజాల లెక్క తప్ప ఇంకేమీ తెలియని తరం తయారైంది. తయారుచేసింది మన ఇళ్లల్లోనే.

ఈ కాలనీయే ఊళ్లు వదిలొచ్చినవాళ్ల కాలనీ. దీనికి పేరిచ్చిన డాక్టర్ అయ్యగారి సాంబశివరావు గారు భీమవరం దగ్గరి మోగల్లులో పుట్టారు. కాశీలో చదివారు, స్టాన్‌ఫర్డ్‌కి వెళ్లారు, 1967లో ఇక్కడ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్‌ని నిలబెట్టారు. మేమంతా ఆ సంస్థలో చేరి, జీతంలోంచి కోత పెట్టించుకుని ఇళ్లు కట్టుకున్నవాళ్లం. అప్పట్లో చుట్టూ గుండ్లు, ఎర్రమట్టి. సికింద్రాబాద్ వెళ్లాలంటే 16 నంబరు బస్సే దిక్కు.

మాకు అటువైపు సైనిక్‌పురి, వాయుపురి, డిఫెన్స్ కాలనీ, యాప్రాల్. అదంతా మిలిటరీవాళ్ల ఇలాకా. పొద్దున్నే ఇస్త్రీ చొక్కా, చేతికర్ర, పక్కన కుక్క. ‘నమస్తే’ అంటే నిలబడి జవాబిచ్చేవారు. ఆ పాత కల్నల్ సాబుల్లో ఏడాదికోసారైనా సొంతూరికి పోనివారు నాకు తెలిసి ఒక్కరూ లేరు. ఒకాయన బడికి బెంచీలు చేయించేవారు, ఇంకొకాయన మిలిటరీ క్యాంటీన్ నుంచి తెచ్చిన దుప్పట్లు పట్టుకెళ్లేవారు. దాని గురించి ఎవరూ ఫొటోలు తీయించుకోలేదు.

మిలిటరీ మనిషికి ఊరి మీద అంత పట్టు ఎందుకో నాకు మా ఊరి సుబేదారు మామను చూశాక అర్థమైంది. ఆయన రెండు నెలల సెలవు మీద వస్తే ఊళ్లో పండగ. నల్ల ఇనప పెట్టె, దాని మూత మీద తెల్ల రంగుతో పేరు, నంబరు. ఆ పెట్టె అరుగు మీద దించిన సాయంత్రం నుంచే పని మొదలు. పింఛను రాని ముసలమ్మకు అర్జీ రాసేవాడు. తహసీలాఫీసుకి తనే వెంట నడిచేవాడు. తెల్లారకముందే పోరగాళ్లను లేపి చెరువుకట్ట మీద పరిగెత్తించేవాడు, ఆ పరుగుతోనే కొందరు భర్తీ అయ్యారు. మంచులో, ఇసకలో, పేరు తెలియని ఊళ్ల మధ్య పదినెలలు కాపలా కాసినవాడికి సొంత ఊరు రెండు నెలలే దక్కేది. ఆ రెండు నెలల్లో ఒక్క పూట కూడా ఆయన వృథాగా పోనిచ్చేవాడు కాదు.

ఒక మనిషి కాదు, ఊరంతా అలాగే ఉన్నచోటు కూడా ఉంది. పశ్చిమగోదావరిలో తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం. జనం మిలిటరీ మాధవరం అంటారు. మొదటి ప్రపంచయుద్ధానికి 90 మంది, రెండో దానికి 1,110 మంది వెళ్లారని ఆ ఊరి లెక్క. ఇప్పటికీ అక్కడ పటాలంలో పనిచేసిన మనిషి లేని ఇల్లు అరుదు.

1981లో జనరల్ కె.వి. కృష్ణారావు గారు సైన్యాధిపతి అయితే మా ఈసీఐఎల్ క్యాంటీన్‌లో వారం రోజులు అదే మాట. ఉత్తరాంధ్ర పల్లె నుంచి వెళ్లినవాడు అంత పైకొచ్చాడని మాకు గర్వం. ఇవాళ కాలనీ పిల్లల్ని అడగండి, ఆయన పేరు ఎందరికి తెలుసో. కల్నల్ సంతోష్ బాబుది ఏ ఊరో అడగండి. 2020 జూన్ 15న గల్వాన్‌లో ప్రాణం ఇచ్చిన ఆ సూర్యాపేట బిడ్డ భౌతికకాయం మనకు కూతవేటు దూరంలోని హకీంపేటలోనే దిగింది. మహావీరచక్ర ఇచ్చారు, సూర్యాపేటలో విగ్రహం నిలబెట్టారు. అన్నీ జరిగి ఎన్నాళ్లో కాలేదు. మా కాలనీ పిల్లల నోట ఆయన ఊరి పేరు రాదు.

ఇంత చెప్పి ఆ తరం అయిపోయిందని కూర్చుంటే మాత్రం నేను అబద్ధమాడినవాణ్ణి అవుతాను. మా పక్కనే వాయుపురిలో బ్రిగేడియర్ పోగుల గణేశం గారు ఉన్నారు. సైన్యంలో బ్రిగేడియర్ దాకా వెళ్లి రిటైరైనవారు. ఆ హోదాకి ఏదో కంపెనీలో సలహాదారు కుర్చీ దొరక్కపోదు. కానీ ఆయన 2005లో ‘పల్లె సృజన’ పెట్టారు. అహ్మదాబాద్ ఐఐఎంలో ప్రొఫెసర్ అనిల్ గుప్తా నడిపిన హనీ బీ నెట్‌వర్క్ దారిలో, తెలుగు పల్లెల్లో పనిచేసే సంస్థ. తేనెటీగ పువ్వుకి నష్టం చేయకుండా తేనె తీసుకున్నట్టు, పల్లె తెలివిని తీసుకున్నా అది పల్లెవాడి పేరుతోనే ఉండాలన్నది ఆ దారి.

వీళ్లు చేసే పని పేరు చిన్న శోధయాత్ర. ఊరి నుంచి ఊరికి కాలినడక. అరుగు మీద కూర్చున్న రైతుని, మెకానిక్‌ని, పసరు మందు తెలిసిన ముసలమ్మని అడుగుతూ పోతారు: నువ్వేం కనిపెట్టావు, నీకేం తెలుసు, అని. అది నాకు మహా నచ్చింది. ఊరి కోసం ఏదో చేద్దామని వెళ్లేవాళ్లు చాలామంది ఉన్నారు. దుప్పటి ఇస్తారు, నీళ్ల ట్యాంకు కడతారు, పేరు చెక్కించుకుని వస్తారు. ఆ దుప్పట్లను నేను తక్కువ చేయను. కానీ ఊరి మనిషి ఎదుట కూర్చుని ‘నాకు నేర్పు’ అని అడిగేవాడు వేరు. ఆజ్ఞలు ఇచ్చి అలవాటైన అధికారి పల్లెవాడి దగ్గర కింద కూర్చుని వింటున్నాడంటే ఊరి మీద ఎంత గౌరవం ఉండాలి!

వినడం వల్ల ఏం వచ్చిందంటారా? మా ఆలేరు పక్కనే శారాజీపేట. అక్కడి చింతకింది మల్లేశం సంగతి మీకు తెలిసే ఉంటుంది, 2019లో సినిమా కూడా వచ్చింది. పోచంపల్లి చీరకు రంగులద్దేముందు ఆసు పోయాలి. చిన్నప్పుడు మా పక్కింట్లో నేను కళ్లారా చూసేవాణ్ణి. అర్ధచంద్రాకారపు చట్రం, ఒకవైపు వరసగా మేకులు, ఎదురుగా ఒక మేకు. ఆడమనిషి కూర్చుని దారాన్ని అటు ఇటు చేత్తో తిప్పుతూ ఒక్కో మేకుకీ తగిలించాలి. ఒక్క చీరకి తొమ్మిది వేలసార్లు చెయ్యి చాపి ముడవాలి. రోజుకు రెండు చీరలంటే పద్దెనిమిది వేలు. సాయంత్రానికి పక్కింటి పెద్దమ్మ చెయ్యి భుజం పైకి లేచేది కాదు, కొప్పు కూడా కూతురే ముడిచేది. కళ్లు ఒక్కొక్క మేకునీ లెక్కపెడుతూ ఉండాలి, దారం తప్పితే డిజైన్ పోతుంది.

మల్లేశం తల్లి లక్ష్మి గారిదీ అదే బాధ. బడి మధ్యలో మానేసిన ఆ పిల్లాడు ఏళ్ల తరబడి అప్పులు చేసి, తిట్లు తిని, పొట్టకూటికి హైదరాబాద్ వచ్చి, బాలానగర్‌లో ఒక యంత్రం కదలిక చూసి తన చిక్కుముడి విప్పుకున్నాడు. 1999లో ఆసు యంత్రం పూర్తయింది. దానికి తల్లి పేరే పెట్టాడు, లక్ష్మీ ఆసు యంత్రం. చేత్తో నాలుగైదు గంటలు పట్టేది గంటన్నరలో అయిపోతోంది. ఆ పనిని నలుగురి ముందుకు తెచ్చినవాళ్లలో గణేశం గారి పల్లె సృజన ఉంది. 2017లో మల్లేశానికి పద్మశ్రీ వచ్చింది. మా వైపు ఇళ్లలో ఇవాళ ఆడవాళ్లు భుజాలు పట్టుకుని ఏడవడం తగ్గిందంటే అది ఆ కొడుకు పుణ్యం. అలాంటి కొడుకులు ఊరికొకరు ఉంటారని నమ్మి వెతుక్కుంటూ నడిచినవాళ్ల పుణ్యం కూడా.

మరి ఇక్కడ, వాయుపురి నుంచి నడిచిపోయేంత దూరంలో, మనం ఏం చేస్తున్నాం? ఎండాకాలం సెలవులొస్తే పిల్లల్ని కోడింగ్ క్లాసుల్లో పడేస్తున్నాం. తాత ఊరికి పంపితే దోమలు కుడతాయట. మా పిల్లలు సెలవులకి ఊరెళ్లి గేదెని కడిగేవారు, కల్లంలో పడుకునేవారు, నాగలికీ గుంటకకీ తేడా చెప్పేవారు. ఇప్పుడు మా అపార్ట్‌మెంట్ పిల్లాడికి వరి చెట్టుకి కాస్తుందా, మొక్కకి కాస్తుందా అన్న సందేహం. వాడి తండ్రికి మాత్రం రీజినల్ రింగ్ రోడ్డు ఏ సర్వే నంబర్ల మీదుగా పోతుందో కంఠస్థం. పొలం అమ్ముకోవద్దని నేననడం లేదు, ఎవరి అవసరం వాళ్లది. కానీ అమ్మాక ఆ ఊరి పేరు ఎత్తడమే మానేస్తున్నారే, అది నాకు మింగుడు పడదు.

కార్తీక వనభోజనాలకి మా కాలనీ సంఘం ఏటా రిసార్టే మాట్లాడుతుంది. ఈసారి అది వద్దని, ఆలేరు వైపు బస్సు కట్టించమని నేను కాగితం రాసిచ్చాను. ఆసు యంత్రం తిరుగుతుంటే పిల్లలు చూడాలి, ఆ పక్కనే పాత చట్రం ముందు కూర్చుని ఒక్క వందసార్లు చెయ్యి చాపి చూడాలి. బస్సు ఖర్చులో నా వాటా ముందే కట్టేశాను, రసీదు కూడా తీసుకున్నాను.