నూటికి నూరు

పోలింగు ఇంకా మొదలే కాలేదు, ఫలితం మాత్రం ఫోన్లోకి వచ్చేసింది! 2013 అక్టోబరులో అజర్‌బైజాన్ ఎన్నికల సంఘం యాప్‌లో అధ్యక్షుడు అలియేవ్ విజయం ఒకరోజు ముందే శాతాలతో సహా కనిపించింది. పరీక్ష కోసం పెట్టిన పాత ఎన్నికల లెక్కలని సర్దిచెప్పారు. ఆ పాత లెక్కల్లో కొత్త అభ్యర్థుల పేర్లుండటమే చిత్రం. ఇరాక్‌లో సద్దాం హుస్సేన్‌ది ఇంకా పకడ్బందీ పని. 1995లో ఆయన కొనసాగాలా అని అడిగిన రెఫరెండంలో 99.96 శాతం ‘అవును’ వచ్చింది. ఆ కొసరు లోటు 2002లో తీరింది: 1,14,45,638 మంది ఓటర్లూ వచ్చారట, అందరూ ‘అవును’ అన్నారట. ఒక్కరికీ జ్వరం రాలేదు, ఒక్కరూ ఊరెళ్లలేదు.

అవి దొంగ ఎన్నికలు, నిజంగా ఓట్లు పడితే గెలిచినవారిదే రాజ్యం కదా అంటారు. 1971లో ఇందిరా గాంధీకి పడ్డవి నిజమైన ఓట్లే. 1975 జూన్ 12న అలహాబాద్ హైకోర్టు ఆమె ఎన్నిక చెల్లదంది. 25న ఎమర్జెన్సీ వచ్చింది, ప్రతిపక్షం జైలుకెళ్లింది, పత్రికలకు సెన్సారు పడింది. ప్రధాని ఎన్నికను కోర్టులు ముట్టకూడదని ఆగస్టులో రాజ్యాంగాన్నే సవరించారు. అదంతా చేసింది ఓట్లతో వచ్చిన మెజారిటీయే. మరి 1977లో దించింది ఓటే కదా? అవును, జైళ్లు తెరిచి, సెన్సారు సడలించాక. అడిగే నోరు, ఓడే భయం ఉంటేనే ఓటు పెట్టెకు విలువ. పోటీ లేని పంచాయతీలకు నజరానా ప్రకటించిన మన రెండు తెలుగు రాష్ట్రాలు ఆ పోటీకే రేటు కట్టేశాయి.