సభ్యుడు లేని వార్డుకు రంగుల పటం

చిన్న పురపాలక సంఘాల చేతికి డిజిటల్ పటాలు అందిస్తే స్థానిక పాలన దానంతట అదే బలపడుతుందన్నది ఈ కాలపు సలహాదారుల వేదవాక్యం. దానిని పరీక్షించదలచినవారికి పుదుచ్చేరిని మించిన ప్రయోగశాల దొరకదు. 1880 నాటి ఫ్రెంచి ఉత్తర్వుతో కమ్యూన్లు, అంటే స్థానిక సంఘాలు, ఏర్పడిన ఈ పట్టణంలో 1968 తరువాత మళ్ళీ పురపాలక ఎన్నికలు జరగడానికి 38 ఏళ్ళు పట్టింది. 2006లో గెలిచినవారి గడువు 2011లో తీరిపోగా, 2021లో వెలువడిన ఎన్నికల ప్రకటన రిజర్వేషన్ల వివాదంలో చిక్కి ఆగిపోయింది. ఈలోగా 2017లో పట్టణం స్మార్ట్ సిటీల జాబితాలో మాత్రం చేరింది. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం.

సలహాదారుల తంతు ఎక్కడైనా ఒకటే. జీఐఎస్, అనగా స్థలాన్నీ దాని సమాచారాన్నీ పొరలు పొరలుగా ముడిపెట్టే కంప్యూటరు పద్ధతి, ఉచితంగా దొరికే క్యూజీఐఎస్‌తోనే సాధ్యమైనా, ఏటా రుసుము కట్టవలసిన సాఫ్ట్‌వేరునే సిఫారసు చేస్తారు. రెండు రోజుల శిక్షణ ఇచ్చి, ధ్రువపత్రంతో ఫొటో తీయించుకుని వెళ్ళిపోతారు. నేర్చుకున్న గుమాస్తాకు బదిలీ అవుతుంది, రుసుము గడువు తీరుతుంది, పటం పీడీఎఫ్‌గా మారి గోడకెక్కుతుంది. దక్షిణ భారత వృక్షసంపదకు పటాలు గీసిన ఫ్రెంచి ఇన్‌స్టిట్యూట్ 1955 నుంచి ఈ ఊళ్ళోనే ఉన్నదన్న సంగతి నివేదికలో చివరి అనుబంధానికైనా నోచుకుంటే గొప్పే. (1693లో పట్టణాన్ని పట్టుకున్న డచ్చివారు, 1699లో తిరిగి అప్పగించేలోగానే గళ్ళ వీధులకు పథకం గీశారు, వారికి శిక్షణ శిబిరం నడిపినదెవరో చరిత్రకారులు తేల్చవలసి ఉంది.)

పటం పనికిరాదని కాదు. తెల్లవారి పేటనూ తమిళుల పేటనూ విడదీసే పెద్ద కాలువ ఎక్కడ పూడుకుపోతున్నదో, ఏ కల్వర్టు దగ్గర వాననీరు నిలుస్తున్నదో తెరమీద చూపగలిగితే మేలే. అయితే పూడిక తీయించమని జనం నిలదీయగల కౌన్సిలరు ఏ పొరలోనూ కనబడడు. పటంలోని ప్రతి వార్డుకూ వెనుక ఒక గుణాల పట్టిక, అంటే ఆ వార్డు వివరాలు నింపే గళ్ళ జాబితా, ఉంటుంది: విస్తీర్ణం, జనాభా, వీధిదీపాలు. ప్రజాప్రతినిధి పేరుకు కూడా ఒక గడి పెట్టి, అది ఖాళీగా ఉన్న వార్డులన్నిటికీ ఒకే రంగు వేయమంటే సాఫ్ట్‌వేరు క్షణంలో వేస్తుంది. సలహాదారులు మాత్రం ఆ పని ఒప్పందంలో లేదంటారు.