రాని దండుకి దారులు

జరిగిన యుద్ధాల గురించి వాదించుకునేవాళ్లు ప్రతి వీధిలోనూ నలుగురుంటారు. పల్నాడులో మొదలుపెట్టి, పానిపట్టు మీదుగా కార్గిల్ దాకా లాక్కొచ్చి, కాఫీ చల్లారేలోగా ముగించేస్తారు. వాళ్లతో పేచీ లేదు. జరిగినదానికి ఎక్కడో ఒకచోట సంధి, సంతకం ఉంటాయి కాబట్టి వాదన కూడా అక్కడే ఆగుతుంది. జరగని యుద్ధాన్ని పట్టుకున్న మనిషిని ఆపడానికి మాత్రం ఏ సంధిపత్రమూ లేదు.

విశాఖపట్నంలో మా వీధి చివర ఉండే కల్నల్ గారు ఈ రెండో రకం. ఆయన సైన్యంలో ఒక్క రోజు కూడా పనిచేయలేదు. ఒక ఆఫీసులో పద్దులు చూసి రిటైరయ్యారు. అయినా ఆయన భోజనాల బల్ల మీద పరిచిన మ్యాపు చూసి వచ్చినవాడికి ఇంకో పేరు నోటికి రాదు. ఆ బల్ల మీద ఆ ఇంట్లో ఎవరూ అన్నం తిని చాలా కాలమైంది. కంచాలు ఒళ్లో పెట్టుకుని టీవీ ముందు కానిచ్చేస్తారు. "ఏమండీ, ఈ జపానోళ్లు ఎప్పటికి వెళ్తారు?" అని వాళ్లావిడ అడిగితే, "వెళ్లడమేంటే, ఇంకా దిగందే!" అంటారాయన, నొచ్చుకుని.

దిగలేదన్నదే ఆయన బాధ. 1942 ఏప్రిల్ 6న జపాన్ సేనాని ఒజావా నౌకాదళంలోని ర్యూజో అనే విమానవాహక నౌక నుంచి లేచిన విమానాలు విశాఖ, కాకినాడ రేవుల మీద బాంబులు వేశాయి. అంతకు ముందే రంగూన్ పడిపోయింది, అండమాన్లు చేజారాయి. ముందు రోజే కొలంబో మీద దాడి జరిగింది. ఇంకేముంది, దిగిపోతున్నారని జనం మూటాముల్లె సర్దుకుని లోపలి ఊళ్లకి పరుగెత్తారు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు గుంటూరు తరలిపోయింది. మద్రాసులో సర్కారు కచేరీలే పెట్టెలు కట్టుకున్నాయి. ఇంత హడావుడి చేయించి, జపాన్‌వాడు తీరా ఒక్క మనిషినైనా ఒడ్డున దింపకుండా వెనక్కి తిరిగి వెళ్లిపోయాడు. ఇంకెవరికైనా అది ఊరట. కల్నల్ గారికి అది అసంపూర్తిగా వదిలేసిన ఫైలు.

ఆ ఫైలు పూర్తిచేయడానికి ఆయన కనిపెట్టిన మార్గం యుద్ధక్రీడ. అంటే మ్యాపు, అట్టముక్కల సైన్యాలు, పాచికలు, నిబంధనల పుస్తకం. ఇది పిల్లలాట అన్నవాడికి పాఠం తప్పదు. 1824లో ప్రష్యాలో రైస్విట్జ్ అనే సైనికాధికారి మ్యాపు మీద ఇలాగే దళాల్ని నడిపించి సేనాపతుల్ని మెప్పించాడని మొదలవుతుంది. ఆ తర్వాత ఇంగ్లండు వస్తుంది. హిట్లరు 1940 జూలై 16న ఇంగ్లండు మీద దిగడానికి ఏర్పాట్లు చేయమని ఆజ్ఞ జారీ చేసి, సెప్టెంబరు 17న నిరవధికంగా వాయిదా వేసిన 'సీ లయన్' దండయాత్ర ఉంది కదా. దాన్ని 1974లో శాండ్‌హర్స్ట్ సైనిక విద్యాలయంలో ఆటగా ఆడి చూశారు. న్యాయనిర్ణేతల్లో జర్మనీ తరఫున యుద్ధం చేసిన గాలండ్, రూగె స్వయంగా కూర్చున్నారు. ఆటలో జర్మన్లు కెంట్ తీరంలో దిగారు గానీ, వెనకాల బ్రిటిష్ నౌకలు దారి మూసేయడంతో సరుకు అందక చిత్తయ్యారు. ఇదంతా చెప్పి, "ముప్ఫై నాలుగేళ్ల తర్వాత వాళ్లు ఆ పని చేసుకున్నారండీ. మనకెవరు చేస్తారు?" అంటారు. గొంతులో నిజంగానే జీర ఉంటుంది.

మ్యాపు పని ఎలా సాగుతుందో దగ్గరుండి చూస్తే తప్ప నమ్మలేం. ముందు ఊరిని తుడిచేయాలి. స్టీలు ప్లాంటు పోవాలి, చమురు శుద్ధి కర్మాగారం పోవాలి, రుషికొండ మీది అద్దాల మేడలు పోవాలి. 1933లో పెద్ద ఓడలకు తెరిచిన రేవు ఉంటుంది. దానికోసం ఉప్పుటేరు బురద తవ్విన చోటు, అలల్ని ఆపడానికి రెండు పాత ఓడల్ని ముంచిన చోటు ఉంటాయి. 1941 జూన్‌లో రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేసిన సింధియా షిప్‌యార్డు ఉంటుంది గానీ, అప్పటికి అందులో ఓడ తయారవలేదు కాబట్టి దానికి సగం పాయింట్లే. ఈ లెక్కన ఆయన సొంత ఫ్లాటు కూడా గల్లంతైంది. "మీరు కూర్చున్నది 0714 గడి. ఇసుక, తాటిచెట్లు. కదలడానికి రెండు పాయింట్లవుతుంది," అని అతిథులకు చెబుతారు. కదలమంటున్నారేమోనని కొందరు లేచిన సందర్భాలూ ఉన్నాయి.

గడులు ఆరు పలకలవి. చదరపు గడుల్లో మూలకి నడిచినవాడికి ఎక్కువ దూరం కలిసొస్తుంది. ఆరు పలకల్లో ఎటు నడిచినా ఒకటే. అమెరికాలో అవలాన్ హిల్ కంపెనీ 1961లో గెటిస్‌బర్గ్ ఆటలో వీటిని పెట్టినప్పటి నుంచి ఈ జాతి మనుషులకి చదరం అంటే చిన్నచూపు. మా కల్నల్ గారు బాత్‌రూం టైల్స్ కూడా ఆరు పలకలవే వేయించారు.

గడిలో ఏముందో తేల్చడమే అసలు యాతన. ఊడ్చిన వరిమడి జూలైలో అయితే మోకాలి లోతు బురద, మూడు పాయింట్లు. ఏప్రిల్‌లో అదే మడి బీటలువారిన గట్టి నేల, ఒకటే పాయింటు. అందుకని ఎండాకాలానికి ఒక మ్యాపు, వానాకాలానికి ఒక మ్యాపు. తీరంలో కెరటాల సంగతి మరీ సున్నితం. ఈ ఒడ్డున అలలు విరిగే తీరుకి మామూలు పడవ పల్టీ కొడుతుంది. అందుకే వెనకటికి ఓడలు దూరంగా లంగరు వేసేవి. పలకల్ని మేకులు లేకుండా తాళ్లతో కుట్టిన మసూలా పడవల్లో సరుకు దింపుకునేవారు. జపాన్‌వాళ్ల దిగుడు పడవలు ఆ కెరటాన్ని తట్టుకుంటాయా? ఇది తేల్చుకోవడానికి ఆయన జాలరిపేట వెళ్లి ఒక ముసలాయన్ని పట్టుకున్నారు. "ఏప్రిల్లో ఇక్కడ ఒడ్డెక్కడం ఎలా ఉంటాది?" "ఏటి దింపుతారు బాబూ?" "ట్యాంకులు." ముసలాయన కాసేపు సముద్రం కేసి, కాసేపు ఈయన కేసి చూసి, "పోలీసోళ్లకి సెప్పేరా?" అన్నాడు.

నిష్పాక్షికత గురించి ఆయన ఉపన్యాసాలు ఇస్తారు గానీ మ్యాపు వేరే కథ చెబుతుంది. ఆయన అత్తారి ఊరు భీమిలి దారిలో ఉంది. ఆట మొదలైన తొలి పూటే అది శత్రువు వశమవుతుంది. ఎవరు ఆడినా అంతే. సొంత ఊరు అనకాపల్లి అవతల. దాని చుట్టూ చెరకు తోటలు, మూడు పాయింట్లు, రక్షణ రెట్టింపు. ఆ గడుల్లో జపాన్ దళం ఒకటి ఇప్పటికీ చిక్కుకునే ఉంది. ఆయన బావమరిది వ్యవసాయం తెలిసినవాడు. ఓసారి మ్యాపు మీదికి వంగి, "ఏప్రిల్లో చెరకెక్కడిది బావా? గానుగాడేసి ఉంటారు కదా?" అన్నాడు. "కార్శి తోట, మోళ్ల నుంచి మళ్లీ చిగిర్చింది" అన్నారు ఈయన తడుముకోకుండా. "కార్శి అప్పటికి మోకాలెత్తుంటే గొప్ప. అందులో ట్యాంకు ఇరుక్కుంటుందా?" కల్నల్ గారు కళ్లజోడు తీసి తుడిచి, మళ్లీ పెట్టుకుని, "బోదెలు లోతుగా తీశారు ఆ ఏడాది" అన్నారు. "మరి మా ఊరు?" "సముద్రం లోతు లెక్క అలా వచ్చింది. నా చేతిలో ఏముంది?"

మద్రాసుకి వేరే మ్యాపు ఉంది. అందులో నాకు మహా ఇష్టమైన అట్టముక్క ఒకటుంది. దాని మీద సింహం బొమ్మ. ఆ ఏప్రిల్‌లో బాంబులు పడితే బోనులు బద్దలై మృగాలు ఊరి మీద పడతాయన్న భయంతో, పీపుల్స్ పార్కు జంతుశాలలో ఉన్న సింహాల్నీ పులుల్నీ కాల్చి చంపేశారు. శత్రువు రాకముందే జరిగిన ఈ ఏకైక సంహారాన్ని ఆయన నిబంధనల్లోకి ఎక్కించారు. బ్రిటిష్ ఆటగాడు ఒక టర్ను ఖర్చుపెట్టి మృగాల్ని కాల్పించాలి. వద్దనుకుంటే పాచిక వేయాలి. ఒకటి పడితే సింహం మౌంట్ రోడ్డు మీద తిరుగుతూ ఇరుపక్షాలనూ ఆపుతుంది. ఆట ఆడిన పిల్లలంతా సింహాన్నే ఎంచుకుంటారు. మిగతా ప్రపంచయుద్ధం వాళ్లకి పట్టదు. చెప్పొద్దూ, నేనూ ఆ పార్టీయే.

ఇన్నేళ్ల శ్రమ తర్వాత మొన్న విశాఖ మ్యాపు మీద మొదటి పూర్తి ఆట జరిగింది. జపాన్ పక్షాన ఆడింది మా కాలనీలోని రిటైర్డు తాసీల్దారు గారు. ఆయన చేత్తో పాచిక ముట్టలేదు. ముందు నిబంధనల పుస్తకం మొదటి పేజీ నుంచి ఆఖరి పేజీ దాకా చదివారు. పెన్సిలుతో గీతలు పెట్టుకున్నారు. తర్వాత విమానాల అట్టముక్క తీసి రేవు మీద పెట్టి, "బాంబులు వేశాను. ఇక నా ఓడలు వెనక్కి పోతాయి," అన్నారు.

"వెనక్కి పోవడమేంటండీ! దిగాలి."

"ఎందుకు దిగాలి కల్నల్ గారూ? ఒడ్డున కెరటాలంటారు. దిగితే ఎండలో వాల్తేరు స్టేషను దాకా ఇసకలో నడవాలి. అనకాపల్లి వెళ్తే చెరకులో చిక్కుకోవాలి. సిలోను మీదికి పోదామని వాళ్ల నౌకాదళం ముచ్చటపడితేనే, మనుషుల్లేరు పొమ్మంది వాళ్ల సైన్యం. నా ఓడలకి పసిఫిక్‌లో పనుంది. పైగా మీ పద్దెనిమిదో నిబంధన ప్రకారం రేవు మీద బాంబు వేసినందుకు నాకు రెండు పాయింట్లు. బ్రిటిష్‌వారికి సున్న. నేను గెలిచాను."

కల్నల్ గారు పుస్తకం తిరగేశారు. గెలిచారు, సందేహం లేదు. ఆవిడ లోపలి నుంచి తాసీల్దారు గారికి రెండో కప్పు కాఫీ పంపించారు.

ఆ రాత్రే 41వ నిబంధన పుట్టింది: జపాన్ ఆటగాడు మూడో టర్ను లోపల తప్పనిసరిగా దళాల్ని దింపవలెను. మర్నాడు పొద్దున్నే ఆ కాగితం తాసీల్దారు గారి దగ్గరికి వెళ్లింది. ఆయన చదివి, మార్జినులో ఎర్ర సిరాతో ఒక ముక్క రాసి తిప్పిపంపారు: "కారణం చూపని ఉత్తర్వు అప్పీలులో నిలవదు."

ఇప్పుడు కల్నల్ గారు కారణం వెతుకుతున్నారు. మధ్యపరగణాల నుంచి మాంగనీసు ఎగుమతి అయ్యే రేవు కాబట్టి అని ఒకసారి, రాయపూర్ రైలు లైను కోసం అని ఒకసారి రాసి కొట్టేశారు. ప్రస్తుతానికి 41వ నిబంధన కింద "కారణమునకు ఏడవ అనుబంధము చూడుడు" అని అచ్చు వేయించారు. పుస్తకంలో అనుబంధాలు ఆరు.