కుడితి తొట్టి మాట

నేను కుడితి తొట్టిని. తెనాలి పక్కన ఒక పల్లెలో, పెరటి గోడవారన, వేపచెట్టు నీడ సగం పడేచోట ఉంటాను. పది బిందెల నీళ్ళు పడతాయి నాలో. ఇంట్లో పాడి ఉన్నన్నాళ్ళూ బియ్యం కడుగు, గంజి, తవుడు, తెలగపిండి నాలోనే కలిపేవాళ్ళు. పెద్దాయనకి మోకాళ్ళ నొప్పులొచ్చి గేదెల్ని అమ్మేశాక కొన్నాళ్ళు ఎండిపోయి ఉన్నాను. ఇప్పుడు చేపపిల్లల్ని పెంచుతున్నాను.

పెరట్లో కలువల కోసం తవ్వించిన చిన్న కొలను ఉంది. దోమలు పెరగకుండా మనవరాలు అందులో గోల్డ్ ఫిష్ వేయించింది. అవి దోమపిల్లల్ని తిని బలిశాయి. ముసురు పట్టి నీళ్ళు చల్లబడ్డ ఒక తెల్లవారుజామున మగచేపలు ఆడచేపను గుర్రపుడెక్క వేళ్ళలోకి తరిమి తరిమి గుడ్లు పెట్టించాయి. ఆ రోజుల్లో మగవాటి మొప్పల మీద తెల్లటి చుక్కలు లేస్తాయి. జబ్బేమోనని ఇంటావిడ కంగారుపడింది గానీ, అది జతకట్టే కాలానికి గుర్తు. ఒక్క విడతలోనే ఆడచేప వందల గుడ్లు పెడుతుంది, బాగా ఎదిగినదైతే వెయ్యి కూడా దాటుతుంది. గుడ్డు ఆవగింజంత, పైన జిగురు. ఆ జిగురుతోనే వేళ్ళకి అంటుకుంటుంది. కానీ పెట్టిన తల్లీ, వెంట తిరిగిన మగచేపలూ కాసేపటికే వెనక్కొచ్చి వాటిని తినడం మొదలుపెడతాయి. అందుకని మనవరాలు గుడ్లు పట్టిన వేళ్ళని గుత్తులు గుత్తులుగా తెచ్చి నాలో వేసింది.

కొత్త సిమెంటు తొట్టి వల్ల ఈ పని కాదు. కొత్త సిమెంటులోంచి సున్నం నీళ్ళలోకి దిగి లేతచేపల్ని చంపేస్తుంది. నాలో ఏళ్ళ తరబడి కుడితి నానింది. ఆ ఘాటు ఎప్పుడో పోయింది, గోడలకి పచ్చటి పాచి పట్టింది. నా వయసు ఇంకొకరి ప్రాణానికి అక్కరకొచ్చిందంటే నాకు ఎంతో గర్వం.

మన వెచ్చటి నీళ్ళలో నాలుగు రోజుల్లోపే గుడ్లు చిట్లాయి. తెల్లబడి బూజు పట్టినవాటిని ఏరి పారేశారు. పుట్టిన పిల్లల్లో రెండు నల్లటి కళ్ళు తప్ప ఏమీ కనబడలేదు. మొదట్లో అవి ఈదవు. ఒకప్పుడు గేదెలు నాకిన గోడలకే అతుక్కుని, పొట్టకింద ఉన్న సొనతో రెండు మూడు రోజులు గడుపుతాయి. సొన అయిపోగానే ఈత, ఆ వెంటే ఆకలి. అప్పుడు వాటి నోట పట్టేవి పాచినీళ్ళలో ఉండే కంటికానని జీవులే. నా ఆకుపచ్చ నీళ్ళని మురికనుకుని పారబోయకుండా ఉంచిందే, ఆ పిల్ల చేసిన మంచి పనుల్లో అదే పెద్దదంటాను. తర్వాత ఉడికించిన గుడ్డు పచ్చసొనని పలచటి గుడ్డలో కట్టి చిటికెడంత పిండేది. ఎక్కువైతే కుళ్ళి నీళ్ళు చెడతాయి. ఈ చేపలకి జీర్ణాశయం ఉండదు, తిన్నది నేరుగా పేగులోకే పోతుంది. అందుకే కొంచెం కొంచెం, పదేపదే పెట్టాలి. రోజూ కాసిన్ని నీళ్ళు తోడేసి, ముందురోజే పట్టి క్లోరిన్ పోయేదాకా ఉంచిన పంపునీళ్ళు పోసేది. తూనీగలొచ్చి నాలో గుడ్లు పెట్టకుండా పాత చీర కప్పేవాళ్ళు. నీళ్ళలో పెరిగే తూనీగ పిల్ల చేపపిల్లని పట్టి తింటుంది మరి.

"బంగారు చేపలన్నారు, ఇవేంటి బురదరంగులో ఉన్నాయి?" అని చూడవచ్చినవాళ్ళు అడిగేవాళ్ళు. పుట్టుక రంగు అదే. నెలలు గడిచాక పొట్ట దగ్గర పసుపు మొదలై పైకి పాకుతుంది, కొన్నిటికి అసలు రాదు. చైనాలో వెయ్యేళ్ళకు పైగా ఏరి ఏరి పెంచితే నిలిచిన రంగు అది.

పిల్లలు అంగుళం దాటేసరికి నాలో చోటు చాల్లేదు. వాటి మలినంలోంచి పుట్టే అమ్మోనియా మొప్పల్ని కాలుస్తుంది. కొలనులోకి పంపుదామంటే అక్కడా ఇరుకే.

"కాలవలో వదిలేస్తే పోలా పెదనాన్నా, హాయిగా బతుకుతాయి" అన్నాడు పక్కింటి కుర్రాడు.

"వద్దురా అబ్బాయ్. అవి బురద తవ్వి, నాచు పీకి, నీళ్ళు కలకబెడతాయి. మన చేపల గుడ్లూ తింటాయి" అన్నాడు పెద్దాయన.

ఆ మాటకి మిన్నెసోటాలో ఉంటున్న కూతురు ఫోనులో సాక్ష్యం పలికింది. ఆ రాష్ట్రంలోనే బర్న్స్‌విల్ అనే ఊళ్ళో చెరువులోంచి బారెడు పొడవు కాకపోయినా చేతికి నిండుగా వచ్చే గోల్డ్ ఫిష్‌లు బయటపడితే, చెరువుల్లో వదలొద్దని 2021లో ఊరి పాలకులే జనాన్ని వేడుకున్నారట.

ఇక పంపకాలు మొదలయ్యాయి. గుండ్రటి గాజుగిన్నె తెచ్చినవాళ్ళకి మనవరాలు ఒక్కటీ ఇవ్వలేదు. అందులో ఈ చేప ఎదగదు, ఊపిరాడదు. బాగా చూసుకుంటే పదేళ్ళు దాటి బతికే ప్రాణం అది. పెద్ద తొట్టో, కొలనో ఉన్నవాళ్ళకే ఇచ్చింది. ముందురోజు మేత ఆపి, ప్లాస్టిక్ సంచిలో మూడోవంతు నీళ్ళు, మిగతాది గాలి నింపి మూతి కట్టేది. "వెంటనే గుమ్మరించకండి అక్కా. సంచిని మీ నీళ్ళలో ఇరవై నిమిషాలు తేలనిచ్చి, తర్వాత మీ నీళ్ళు కొంచెం కొంచెం కలపండి" అని ప్రతివాళ్ళకీ చెప్పేది. రంగు రానివాటిని ఎవరూ అడగలేదు. వాటిని కొలనులోనే ఉంచుకున్నారు, నాకదే ఇష్టం.

వచ్చే ముసురుకి ఒక్క వేళ్ళగుత్తే నాలో వేస్తారట, మిగతావి కొలనులోనే పెద్దచేపలకి. కఠినంగా వినిపించినా నేను ఒప్పుకుంటాను. ఎవరింటికి ఎన్ని కావాలో ఆ పిల్ల ఇప్పుడే కాగితం మీద రాసుకుంటోంది. కలువల కుండీ కోసం బడివాళ్ళు ఆరు అడిగారు.