సాఫ్ట్‌వేర్ మూసేసి మొదలుపెట్టండి

తెలుగు వార్తల్లోంచి మనుషుల పేర్లు, ఊళ్లు, సంస్థలు ఏరే పని చేపట్టిన జట్టు ఏదైనా మొదటిరోజే సాఫ్ట్‌వేర్ తెరిచి, ఎంటిటీ క్లాసుల (ఏరాల్సిన పేర్ల రకాల) పట్టికలో ఏమేం పెడదామా అని కూర్చుంటుంది. మీరు ఆ పని చేయకండి. నేను చెప్పబోయే సలహాలు చాలావరకు మాన్యువళ్లకు ఎదురు నడుస్తాయి. తిక్కగా అనిపిస్తే అనిపించనీయండి, ప్రతి ఒక్కటీ మనసారా చెబుతున్నదే.

ముందు ఓ యాభై వార్తలు కాగితం మీద ప్రింటు తీయండి. అవే వార్తలు ఇద్దరికి ఇచ్చి, చేతికి రంగు పెన్సిళ్లు ఇవ్వండి. క్లాసుల ఊసే ఎత్తొద్దు. "రేపు మీకు ఈ వార్తల్లో ఏం వెతకాల్సి వస్తుందో దాని కింద గీత గీయండి" అనండి, అంతే. మిర్చి ధరల వార్త చదివేవాళ్లు గుంటూరు యార్డు కింద గీస్తారు, క్వింటాలు ధర కింద గీస్తారు, "తేజ" కింద తప్పకుండా గీస్తారు. తేజ అక్కడ మిర్చి రకం. సాఫ్ట్‌వేర్‌తోపాటు వచ్చిన రెడీమేడ్ క్లాసుల్లో పంట రకానికి చోటుండదు. కాబట్టి "తేజకు గిరాకీ పెరిగింది" అన్న వాక్యంలో సాఫ్ట్‌వేర్‌కు ఓ మనిషి కనబడే ప్రమాదం ఉంది. ఆ పెన్సిల్ గీతల్లోంచే మీ క్లాసులు పుట్టాలి.

రెడీమేడ్ క్లాసులు కూడా అలా పుట్టినవే, కాకపోతే వేరేవాళ్ల అవసరంలోంచి. 1995లో అమెరికాలో జరిగిన ఆరో మెసేజ్ అండర్‌స్టాండింగ్ కాన్ఫరెన్స్‌లో మనిషి, సంస్థ, ప్రదేశంతోపాటు తేదీ, సమయం, డబ్బు, శాతం అని పెట్టుకున్నారు. వాళ్ల ముందున్నవి వాల్‌స్ట్రీట్ జర్నల్ వార్తలు. ఏ కంపెనీలో ఎవరు పదవి దిగారు, ఎవరు ఎక్కారు అన్నది వాళ్లు తేల్చుకోవాల్సిన సంగతుల్లో ఒకటి. అలాంటి వార్తలకు డబ్బూ శాతమూ కావాలి మరి. ఆ తర్వాత ఓంటోనోట్స్ అనే ట్యాగులు వేసిన పాఠాల సేకరణలో క్లాసులు 18కి చేరాయి. 2008లో పేర్ల గుర్తింపు మీద హైదరాబాద్‌లో జరిగిన వర్క్‌షాపులో తెలుగు సహా ఐదు భాషలకు 12 ట్యాగులు పెట్టారు, వాటిలో హోదాకూ కొలతకూ కూడా చోటిచ్చారు. ఎవరి లెక్క వాళ్లది. వాటిని చదవండి, అరువు మాత్రం తెచ్చుకోకండి.

ఇక "ఇతరాలు" అన్న క్లాసు. 2003లో జరిగిన కోనెల్ అనే పేర్ల గుర్తింపు పోటీలో మనిషి, ప్రదేశం, సంస్థ తర్వాత నాలుగోది ఇదే. మీ పట్టికలో ఉంటే ఇప్పుడే తీసేయండి. పండగలు, సినిమా పేర్లు, పథకాలు, ఎటూ తేలని ప్రతి మాటా అందులోనే వచ్చి పడతాయి. వాటికి ఒకదానితో ఒకటి పోలిక లేదు కాబట్టి మీ ట్యాగులు చూసి నేర్చుకునే మెషిన్‌కు అందులో నేర్చుకునేదేమీ ఉండదు. తేలని మాటకు ట్యాగు వేయకుండా వదిలేయండి. అలా వదిలేసినవాటిలో ఒకే రకం మాటలు పదేపదే ఎదురైతే అప్పుడు కొత్త క్లాసు పెట్టుకోవచ్చు.

పేర్ల జాబితా ఎక్కించమని అందరూ చెబుతారు. వద్దు, మొదట్లో అసలే వద్దు. మన లిపిలో పెద్దక్షరాలూ చిన్నక్షరాలూ లేవు, పేరేదో మామూలు మాటేదో కంటికి తెలిసే గుర్తేమీ లేదు. గుర్రం జాషువాలో గుర్రం ఇంటిపేరు, రేసు కోర్సు వార్తలో జంతువు. తాడేపల్లి ఊరు, ఎన్నో కుటుంబాలకు ఇంటిపేరు కూడా. శాంతి, విజయ, జ్యోతి, సత్యం అని జాబితాలో పెట్టారా, ప్రతి సంపాదకీయంలోనూ నలుగురు మనుషులు లేచి నిలబడతారు. పోనీ ఊళ్ల జాబితా అయినా పనికొస్తుందా అంటే, జాబితాలో "కర్నూలు" ఉంటుంది, వార్తలో "కర్నూల్లో" ఉంటుంది, రెండూ కలవవు. విభక్తిని పేరుతో కలిపి గుర్తించాలా, విడదీయాలా అన్నది ముందే తేల్చుకుని రాసి పెట్టుకోండి. ఇంగ్లీషులో ఈ గొడవ ఇంతగా లేదు గనుక ఇంగ్లీషు మాన్యువల్ దీని గురించి పెద్దగా చెప్పదు. మనకు మాత్రం పనిలో సగం ఇదే.

ట్యాగులు వేసే ఇద్దరినీ పక్కపక్కన కూర్చోబెట్టకండి. ఇద్దరి మాటా ఎంత కలిసిందో కొలవడానికి 1960లో జేకబ్ కోహెన్ ఇచ్చిన కప్పా అనే కొలత ఉంది, సాఫ్ట్‌వేరే లెక్కగట్టి చూపిస్తుంది. ఆ అంకె పెంచడానికి వాళ్లిద్దరూ మాట్లాడుకుని సర్దుకోవడం మొదలుపెడితే మీకు రావలసిన సమాచారం పోయినట్టే. కలవని చోటే మీకు అసలు పని ఉంది. "ప్రకాశం" తీసుకోండి. టంగుటూరి ప్రకాశం మనిషి. ఒంగోలు జిల్లాకు 1972లో ఆయన పేరు పెట్టారు, అది ప్రదేశం. విజయవాడలో కృష్ణ మీద ప్రకాశం బ్యారేజీ కట్టడం. "ప్రకాశం, నెల్లూరులో భారీ వర్షాలు" అన్న శీర్షికకు ఒకరు జిల్లా అని ట్యాగు వేసి, మరొకరు మనిషి అని వేస్తే, రెండో ఆయన్ను మందలించకండి. ఆ వాక్యాన్ని యథాతథంగా రూల్ పుస్తకంలోకి ఎక్కించి, పక్కన "వాక్యంలో దేని పని చేస్తోందో అదే దాని క్లాసు" అని రాయండి. 2022లో ఆంధ్రప్రదేశ్ జిల్లాలు 26 అయ్యాయి, ఎన్టీఆర్, అల్లూరి సీతారామరాజు, అన్నమయ్య జిల్లాల పేర్లయ్యారు. తెలంగాణలో జయశంకర్ భూపాలపల్లి, కొమురం భీం ఆసిఫాబాద్ ఉన్నాయి. ఈ రూల్ లేకుండా పాత వార్తలనూ కొత్త వార్తలనూ కలిపి ట్యాగు చేయించడం అన్యాయం, చేసేవాళ్లకూ చదివేవాళ్లకూ కూడా.

రూల్ పుస్తకంలో నిర్వచనాలు రాయకండి. "సంస్థ అనగా" అని మొదలైన పేజీ ఎవరూ చదవరు. తికమక పెట్టే ఉదాహరణలు రాయండి. "హైదరాబాద్ గెలిచింది" అంటే అది నగరం కాదు, క్రికెట్ జట్టు. ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయంలో నాగార్జునను విడిగా మనిషిగా గుర్తించాలా? వ్యక్తుల స్మారకాల మీద పరిశోధన అయితే గుర్తించండి, కాలేజీ అడ్మిషన్ల వార్తలైతే అక్కర్లేదు.

మెషిన్ ఎంత సరిగ్గా, ఎంత పూర్తిగా పట్టుకుందో చెప్పే అంకె ఎఫ్-స్కోరు. చివర్లో వచ్చే దాన్ని కూడా కొన్నాళ్లు చూడకండి. తేదీలూ డబ్బూ సులువుగా దొరుకుతాయి, అవి మొత్తం స్కోరును పైకి లాగుతాయి, ఊళ్ల పేర్లు సగం తప్పిపోతున్నా ఆ సంగతి బయటపడదు. ఒక్కో క్లాసుదీ విడిగా తీసి, తప్పు పోయిన వాక్యాలు గట్టిగా చదవండి. కొత్త క్లాసు కలిపిన రోజున పాత వార్తలన్నిటినీ మళ్లీ మొదటినుంచి ట్యాగు చేయించాలి. దానికి మనుషులూ సమయమూ లేకపోతే ఆ క్లాసు కలపకండి.